తాగి పడిపోయాక నల్లటి మూత్రం... ఇది ఉద్దానం కిడ్నీ జబ్బేనా?

ప్రశ్న: మాది సోంపేట మండలం. నా భర్తకు 42 ఏళ్లు, రోజూ మద్యం తాగుతారు. ఇటీవల పండగకు రెండు రోజులు తిండి మానేసి తాగి, రాత్రంతా గచ్చు మీద ఒకే పక్కకు స్పృహ లేకుండా పడి ఉన్నారు. లేచాక తొడల నొప్పికి ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేశారు. మర్నాడు మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. రక్తపరీక్షలో సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగేది) 18,000, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తగ్గితే పెరిగేది) 3.6 ఉన్నాయని ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఇది ఉద్దానం జబ్బేనా? జీవితాంతం డయాలసిస్ తప్పదా?

జవాబు: అమ్మా, ఉద్దానం ప్రాంతంలో కనిపించే జబ్బు ఏళ్ల తరబడి, పైకి ఏ బాధా తెలియకుండా కిడ్నీలను దెబ్బతీస్తుంది. మీ వారికి వచ్చింది అది కాదనిపిస్తోంది. మద్యం కండరాలను నేరుగా దెబ్బతీస్తుంది. తిండి లేకపోవడంతో పొటాషియం, ఫాస్ఫరస్ తగ్గి అవి మరింత బలహీనపడతాయి. ఆపై గంటల తరబడి ఒంటి బరువంతా ఒకే పక్క పడితే అక్కడి కండరం నలిగి, దానిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం రక్తంలోకి చేరి, ఒంట్లో నీరు ఇంకిపోయి ఉన్న కిడ్నీల సన్నని గొట్టాలలో అడ్డుపడుతుంది. దీన్ని రాబ్డోమయోలైసిస్ అంటారు. మూత్రానికి ఆ రంగు రావడానికి కారణం ఇదే.

సకాలంలో తగినన్ని సెలైన్లు ఎక్కిస్తే చాలామందిలో కిడ్నీలు కొన్ని వారాల్లో కోలుకుంటాయి. మూత్రం తగ్గిపోయినా, పొటాషియం ప్రమాదకరంగా పెరిగినా డయాలసిస్ చేస్తారు. అది సాధారణంగా కొద్ది రోజులకే పరిమితమవుతుంది కనుక, డాక్టర్లు చెబితే భయపడి వాయిదా వేయకండి. దెబ్బతిన్న కండరాల నుంచి వెలువడే పొటాషియం గుండె లయను తప్పించగలదు. ఈసీజీ పదేపదే తీసేది అందుకే. తొడ గట్టిపడినా, పాదం తిమ్మిరెక్కినా వెంటనే నర్సుకు చెప్పండి.

అయితే మీది ఉద్దానం కాబట్టి, పాత జబ్బు లోపల లేదని నిర్ధారించుకోవాలి. గతంలో చేయించిన క్రియాటినిన్ రిపోర్టు ఉంటే చూపించండి, స్కానింగ్‌లో కిడ్నీల పరిమాణం ఎంతుందో అడగండి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ ఇంజెక్షన్. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు ఇలాంటి స్థితిలో కిడ్నీలకు రక్తప్రసరణ తగ్గిస్తాయి. ఏ మందు ఇచ్చారో కనుక్కుని డాక్టరుకు చెప్పండి. ఇకపై నొప్పి మాత్రలు సొంతంగా కొని వాడనివ్వకండి.

మరో మాట. పరువు పోతుందని రోజూ తాగే సంగతి చాలా కుటుంబాలు దాచిపెడతాయి. హఠాత్తుగా మానిన రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. ఫిట్స్ వస్తే కండరాలు మళ్లీ దెబ్బతింటాయి. ఎంత తాగేవారో, చివరిసారి ఎప్పుడు తాగారో ఉన్నదున్నట్టు చెబితే, వాటిని నివారించే మందులు, థయామిన్ (విటమిన్ బి1) ముందుగానే ఇస్తారు. ఆ విషయం ఈరోజే చెప్పండి.