స్క్రబ్ టైఫస్ తగ్గాక చేపలు, గుడ్లు మాన్పించాలా?

కోనసీమలో వరి పొలానికి వెళ్లే మీ అమ్మగారికి స్క్రబ్ టైఫస్ వచ్చిందని, జ్వరం తగ్గినా నీరసం పోలేదని రాశారు. దయచేసి ఏమీ మాన్పించకండి. గడ్డిలో ఉండే, కంటికి ఆనని పురుగు కుట్టి వచ్చే బ్యాక్టీరియా జ్వరమిది. పథ్యంతో పోదు, మందుతోనే పోతుంది. రోజుల తరబడి చారన్నమే పెడితే కండ కరిగి నీరసం ఇంకా పెరుగుతుంది. ముద్దపప్పు, ఉడికిన గుడ్డు, కారం తగ్గించిన కొరమీను పులుసు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి.

ఈ జ్వరానికి ఇచ్చే యాంటీబయాటిక్ మందు డాక్సీసైక్లిన్ ఇంకా వాడుతుంటే అసలు జాగ్రత్త అక్కడే. పాలు, ఐరన్ మాత్రలు ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. రెండు మూడు గంటల ఎడం ఉంచండి. నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునే మింగించండి. వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడవచ్చు. కొబ్బరినీళ్లు మంచివే, మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడగండి.