జాబ్‌సెంటర్‌కు వెళ్లకపోతే భృతి ఆపేస్తారా?

ప్రశ్న: మా చెల్లెలు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటుంది. అక్కడి పౌరసత్వం ఉంది. ఆరేళ్ల బాబుతో ఒంటరిగా ఉంటోంది. గోడౌన్‌లో ఉద్యోగం పోయాక యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి వస్తోంది. బాబుకు జ్వరం ఎక్కువై ఆసుపత్రికి తీసుకెళ్లడంతో జాబ్‌సెంటర్ (అక్కడి ప్రభుత్వ ఉపాధి కార్యాలయం) అపాయింట్‌మెంట్ తప్పింది. డబ్బు కోసేశారు. ఇది న్యాయమేనా? మావారేమో ‘కోత పెడితేనే జనం పనిలో పడతారు’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: అమ్మా, నేను నాంపల్లి కోర్టుల్లో తిరిగేవాణ్ణి, లెస్టర్‌కు వచ్చి వాదించలేను. అక్కడి నిబంధనలు మాత్రం చెప్పగలను. మన దగ్గర లోన్ శాంక్షన్ అయిందంటే స్వీట్లు పంచుతాం. అక్కడ శాంక్షన్ అంటే కోత!

కోసే అధికారం 2012 నాటి సంక్షేమ సంస్కరణల చట్టం ఇచ్చిందే. అయితే రాకపోవడానికి ‘తగిన కారణం’ ఉంటే కోయకూడదు. ఏది తగిన కారణమో చట్టం విడమర్చి చెప్పలేదు. కాబట్టి బాబును ఆసుపత్రిలో చూపించిన కాగితం, ఆ రోజు ఆవిడ తన భృతి ఖాతాలోని ఆన్‌లైన్ జర్నల్‌లో జాబ్‌సెంటర్‌కు ఏమైనా రాసి ఉంటే ఆ మెసేజ్, ఈ రెండే ఆవిడ సాక్షులు.

ముందు చేయాల్సింది వాదన కాదు, కొత్త అపాయింట్‌మెంట్ తీసుకోవడం. ఇలాంటి తప్పుకు, ఆవిడ మళ్లీ హాజరయ్యేదాకా లేదా కొత్త తేదీకి ఒప్పుకునేదాకా కోత ఆటో మీటర్‌లా తిరుగుతూనే ఉంటుంది. ఆ పైన మొదటిసారికి ఇంకో 7 రోజులు. ఏడాదిలో రెండోసారైతే 14, మూడోసారైతే 28. పోయేది ఆవిడ వంతు ప్రామాణిక భృతి, అంటే ఆవిడ పేర వచ్చే మూల మొత్తం మాత్రమే. ఇంటి అద్దె, బాబు పేర వచ్చేది ముట్టకూడదు. అవీ తగ్గి ఉంటే అది వేరే పొరపాటు, వెంటనే అడగమనండి.

తర్వాత కోత పెట్టిన శాఖనే పునఃపరిశీలన కోరాలి. నెలలోపే కోరితే మంచిది. కాదంటే ట్రిబ్యునల్‌కు అప్పీలు, ఫీజు లేదు. సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. ఈలోగా ఇల్లు గడవకపోతే ‘హార్డ్‌షిప్ పేమెంట్’ అడగవచ్చు. కోసినదాంట్లో సుమారు 60 శాతం వస్తుంది. కానీ అది అప్పే, తర్వాత భృతిలోంచి పట్టుకుంటారు. ఈ సంగతి తెలియక తీసుకుని తర్వాత బాధపడొద్దు.

ఇక మీవారి మాట. అందులో సగం నిజముంది. కోత పడితే కొందరు త్వరగా ఏదో ఒక పనిలో చేరతారని స్విట్జర్లాండ్‌లో జరిగిన పరిశోధన చెప్పింది. కానీ ఆ పనుల్లో జీతం తక్కువని కూడా అదే చెప్పింది. బ్రిటన్‌లో ఆ సగమూ నిలబడలేదు. ఈ కోతలు పెట్టే శాఖ సొంత అధ్యయనమే 2023 ఏప్రిల్‌లో బయటికొచ్చింది: కోత పడ్డవాళ్లు ఉద్యోగంలో చేరడం ఆలస్యమైంది, చేరినా సంపాదన తగ్గింది. బస్సుకు, ఫోన్ రీఛార్జికి డబ్బు లేనివాళ్లు ఇంటర్వ్యూకు ఎలా వెళ్తారు?

మనమేం తీసిపోలేదు లెండి. 2016లో తెలంగాణలో లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటింటికీ వెళ్లి మళ్లీ తనిఖీ చేయమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఆసుపత్రి కాగితం ఫొటో ఇవాళే వాట్సాప్‌లో తెప్పించుకోండి. దాని మీద తేదీ, సమయం కనపడాలి. అవి లేకపోతే మళ్లీ రాయించుకోమనండి.