వృషణాల చుట్టుకొలత బాగున్న ఆబోతుతో కూడా చూలు ఎందుకు నిలవదు?

వేడి ప్రాంతంలో మాంసం కోసం పెంచే మందకు వృషణాల చుట్టుకొలత చూసి మరీ ఆబోతును ఎంచుకున్నా ఆవులు చూలు నిలవక మళ్లీ ఎదకు వస్తున్నాయని, ఇది వంశపారంపర్య లోపమా, ఎండ వల్ల వచ్చినదా అని మీరు అడిగారు. ఇలాంటి మందల్లో ఆబోతులను ఎంపిక చేసే పని నేను కొన్నేళ్లు చేశాను; మొదట్లో నేనూ టేపునే నమ్మి నష్టపోయాను.

టేపును నమ్మడానికి కారణం లేకపోలేదు. చుట్టుకొలత తర్వాతి తరానికి బాగా సంక్రమిస్తుంది. చాలా అధ్యయనాల్లో దాని వారసత్వ గుణకం, అంటే పశువుల మధ్య తేడాల్లో జన్యువుల వాటా (0 నుంచి 1 వరకు), 0.4కు పైగానే ఉంది. అలాంటి ఆబోతుల కూతుళ్లు సాధారణంగా త్వరగా ఎదకు వస్తాయి కూడా. అయితే అది వీర్యం ఎంత తయారవుతుందో సూచిస్తుందే గాని, అందులోని శుక్రకణాలు ఎలా ఉన్నాయో చెప్పదు. సరైన ఆకృతి గల శుక్రకణాల శాతం వేరే లక్షణం, దాని వారసత్వ గుణకం అంతకన్నా తక్కువ, వాతావరణ ప్రభావం ఎక్కువ.

వృషణాలు శరీరం కన్నా 2 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉంటేనే శుక్రకణాలు సక్రమంగా తయారవుతాయి. ఒక శుక్రకణం రూపొందడానికి సుమారు 61 రోజులు, ఆ తర్వాత బయటికి వచ్చే దారిలో పక్వానికి రావడానికి మరో పది రోజులు పడతాయి గనుక, ఎండలు తగ్గిన వెంటనే చేసిన వీర్యపరీక్ష గడిచిన వేడిని చూపుతుంది తప్ప ఆబోతు స్వభావాన్ని కాదు.

నా దగ్గర ఒకే వేసవిలో రెండు ఆబోతులు పరీక్షలో తప్పాయి. రెండున్నర నెలల తర్వాత మళ్లీ చేయిస్తే ఒకటి కోలుకుంది, రెండోది కోలుకోలేదు. దాని తండ్రికి పుట్టిన ఇతర కోడెలన్నీ బాగానే ఉండడంతో చాలాకాలం తికమకపడ్డాను. చివరికి రికార్డులు తిరగేస్తే, అదే తల్లికి వేరే ఆబోతు ద్వారా పుట్టిన అన్నకూ ఇదే లోపం ఉన్నట్టు తేలింది. రెండు పశువులతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ ఉత్తర ఆస్ట్రేలియాలో బ్రాహ్మన్ అనే మూపురం గల జాతి, ఉష్ణమండల సంకర జాతుల ఆబోతులపై జరిగిన జన్యు అధ్యయనాలు చుట్టుకొలతకూ, సరైన శుక్రకణాల శాతానికీ సంబంధించిన ముఖ్యమైన భాగాలను ఎక్స్ క్రోమోజోముపై గుర్తించాయి. కోడెకు ఎక్స్ క్రోమోజోము తల్లి నుంచే వస్తుంది, తండ్రి నుంచి రాదు. మనం మాత్రం కోడెను కొనేటప్పుడు తండ్రి పేరే అడుగుతాం!

అందుకే ఇప్పుడు నేను కోడె తల్లి ఎంత చిన్న వయసులో ఈనింది, ఏటా చూలు కట్టిందా, దాని ఇతర కొడుకుల వీర్యపరీక్ష ఎలా ఉంది అని ముందు అడుగుతాను. చుట్టుకొలతను కూడా ఒకే వయసు, ఒకే మేత ఉన్న కోడెల మధ్యే పోలుస్తాను, ఎందుకంటే మూపురం గల జాతులు ఆలస్యంగా యుక్తవయసుకు వస్తాయి.

మీ ఆబోతుకు ఎండలు తగ్గిన 70 రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. పశువైద్యులు సాధారణంగా పాటించే కనీస ప్రమాణం 70 శాతం సరైన శుక్రకణాలు. అప్పటికీ అది దాటకపోతే ఆబోతును తీసేయడంతో ఆగకుండా, దాని కూతుళ్లను కోడెల తల్లులుగా ఉంచుకోకండి. దాని ఎక్స్ క్రోమోజోము కొడుకులకు చేరదు గాని ప్రతి కూతురికీ చేరుతుంది, వాటి ద్వారా మనవళ్లలో మళ్లీ బయటపడవచ్చు.