ఏడు నెలల మజిలీ తర్వాత మళ్లీ ప్రయాణం: చేతిలో డబ్బు ఎన్నాళ్లొస్తుంది?

ప్రశ్న: ఒంటరిగా బ్యాక్‌ప్యాక్ వేసుకుని దేశాలు తిరుగుతూ, అలసిపోయి ఒక ఊళ్లో గది అద్దెకు తీసుకుని ఏడు నెలలు ఉండిపోయాను. ఇప్పుడు మళ్లీ బయల్దేరాలనుంది. ఇక్కడ నెలకు అయిన ఖర్చు ప్రకారం, చేతిలో ఉన్న డబ్బు పది నెలలకు సరిపోతుంది. ఈ లెక్క నమ్మవచ్చా?

జవాబు: వద్దు, నమ్మకండి. అది ఒకచోట కుదురుగా ఉన్నప్పటి లెక్క. నెల లెక్కన గది తీసుకుంటే రోజుకు పడేది సాధారణంగా రోజు అద్దె కంటే తక్కువ. పైగా వండుకుని తిన్నారు, ఎక్కడ ఏది తక్కువకు దొరుకుతుందో మీకు తెలుసు. తిరగడం మొదలయ్యాక ఖర్చు పెంచేది రోజులు కాదు, చోటు మారడం. మారిన ప్రతిసారీ టికెట్టు, ఒక్కోచోట వీసా రుసుము, రాత్రివేళ దిగితే దొరికిన గదికి అడిగినంత ఇవ్వడం. ఒంటరివాళ్లకు గది ఖర్చు పంచుకునే మనిషి ఉండరు.

మజిలీకి ముందు తిరిగిన చివరి మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. ఎన్నిసార్లు చోటు మారారు, ఒక్కో మార్పుకు ఎంతయిందో చూడండి. ఇకపై మీ కొలమానం అదే. పది నెలలనుకున్నది ఆరేడుకు తగ్గవచ్చు. బయల్దేరాక తెలియడం కంటే ఇప్పుడే తెలియడం మేలు.

అయితే ఎన్ని నెలలొస్తుందో చూడటానికి మొత్తం డబ్బును భాగించకండి. ముందు ఇంటికి చేరే ఖర్చు తీసి పక్కన పెట్టండి. మీ దారిలో అన్నిటికన్నా దూరమైన చోటి నుంచి అప్పటికప్పుడు కొంటే టికెట్టు ఎంతవుతుందో అంతా, ఇల్లు చేరాక రెండు నెలలు గడవడానికి కావలసిందీ. దాన్ని మీరు రోజూ వాడే కార్డుతో సంబంధం లేని ఖాతాలో ఉంచండి. ఈ విషయంలో నేను రాజీ పడను. ఎక్కడో జబ్బుపడి, తిరిగి రావడానికి డబ్బు లేని పరిస్థితి మీకు రాకూడదు.

తర్వాత బీమా. పాత పాలసీ ఈపాటికి ముగిసి ఉండవచ్చు. ఏడాది పాలసీల్లో కూడా ఒక్కో ప్రయాణానికి ఇన్ని రోజులే అనే పరిమితి సాధారణంగా ఉంటుంది. చాలా కంపెనీలు సొంత దేశంలో ఉండగానే కొనాలంటాయి. ఇప్పటికే ప్రయాణంలో ఉన్నవారికి అమ్మేవి కొన్నే. వాటిలోనూ మొదటి కొన్ని రోజులు కవరేజీ ఉండకపోవచ్చు. కాబట్టి గది ఖాళీ చేసే రోజున కాకుండా కొన్ని వారాల ముందే కొనండి. మజిలీలో ఏదైనా వైద్యం చేయించుకుంటే దాచకండి. దాచిన జబ్బు మీద క్లెయిమ్ రాదు.

రోజుల లెక్క ఇంకోచోట కూడా ముఖ్యం. చాలా దేశాల్లో ఏడాదిలో 183 రోజులు దాటి ఉంటే పన్ను విషయంలో అక్కడి నివాసిగా పరిగణించే అవకాశం ఉంది. మీరు ఏడు నెలలున్నారు. మజిలీలో ఆన్‌లైన్ పని చేసి సంపాదించి ఉంటే, కదిలేలోపే ఒక పన్ను సలహాదారును అడగండి. తర్వాత షెంగెన్ దేశాలకు (ఉమ్మడి వీసా నియమాలున్న ఐరోపా దేశాలకు) వెళ్లే ఆలోచన ఉంటే, స్వల్పకాలిక సందర్శకులకు ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండనివ్వరు. చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి.

గది అడ్వాన్సు చేతికొచ్చేదాకా దాన్ని లెక్కలో కలపకండి. కార్డులు రెండు వేర్వేరు బ్యాంకులవి ఉండాలి, ఒకే పర్సులో ఉండకూడదు. వాటి గడువు తేదీలు ఇవాళే చూడండి. ఓటీపీ వచ్చే నంబరు పనిచేస్తోందా అన్నది కూడా. ఏటీఎం మీ సొంత కరెన్సీలో లెక్కకట్టమంటారా అని అడిగితే వద్దనండి, ఆ మారకపు రేటు సాధారణంగా మీకే నష్టం.

బూట్లకు కూడా కొంత కేటాయించండి. చాలా బూట్ల అడుగున ఉండే పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) సోల్ వాడకుండా మూలన పడేసినా తేమకు లోలోపల పాడవవచ్చు, నడక మొదలెట్టాక ఊడిపోవచ్చు. బరువు సంచితో రెండు మూడుసార్లు దూరం నడిచి పరీక్షించండి.

బయల్దేరిన నాలుగో వారం చివర మళ్లీ లెక్క చూడండి. అనుకున్నదానికన్నా ఎక్కువైతే తిండి తగ్గించవద్దు, రాత్రి భద్రమైన గదిని వదులుకోవద్దు. వెళ్లాలనుకున్న ఊళ్లలో రెండింటిని జాబితాలోంచి కొట్టేయండి.