అమ్మానాన్నలు కెనడాలో మా దగ్గర ఏళ్ల తరబడి ఉండాలంటే ఏ వీసా?

మీకు కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) గానీ పౌరసత్వం గానీ ఉంటే సూపర్ వీసాకే వెళ్లండి. మామూలు విజిటర్ వీసా మీద వస్తే సాధారణంగా ఆరు నెలలే. సూపర్ వీసాతో ఒకసారి వస్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు. 2022 జూలైకి ముందు రెండేళ్లే ఇచ్చేవారు. ఈ వీసాకు మీ ఆదాయం సరిపోతుందో లేదో చూస్తారు, అప్పుడు వచ్చే అమ్మానాన్నలను కూడా ఇంటి సభ్యులుగానే లెక్కేస్తారు.

కనీసం లక్ష కెనడా డాలర్ల హెల్త్ ఇన్సూరెన్స్, ఏడాదికి తక్కువ కాకుండా, తప్పనిసరి. ధర చూసి కొనేయకండి. నాన్నగారికి బీపీ, షుగర్ ఉంటే, ఈమధ్య మాత్రల డోసు మారితే, చాలా పాలసీలు ఆ జబ్బుకు డబ్బు చెల్లించవు. ఆ షరతు పూర్తిగా చదివాకే కట్టండి.