ప్లే స్టోర్‌లో 3+ అని ఉంటే నాలుగున్నరేళ్ల బాబుకి ఆ గేమ్ ఇవ్వొచ్చా?

మీ బాబుకి నాలుగున్నరేళ్లు, బావగారి అబ్బాయి ఫోన్‌లో చూసిన పరుగెత్తే గేమ్ కోసం పేచీ పెడుతున్నాడు, ప్లే స్టోర్‌లో దానికి 3+ అని ఉంది కాబట్టి వేసి ఇవ్వొచ్చా అని అడిగారు. నా మట్టుకు నేను ఆ అంకె ఒక్కటే చూసి ఇవ్వనండి. ఒకసారి అలాగే ఇచ్చాను, ఏం జరిగిందో చెప్తాను. మీరు రాయగడలో ఉంటున్నామన్నారు, మాది పర్లాకిమిడి, రెండూ ఒడిశాలోవే, మన ఇళ్లలో సంగతులు ఇంచుమించు ఒకటే కాబట్టి మీకు పనికొస్తుందనుకుంటున్నాను.

మా పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్లు. ఇది జరిగినప్పుడు అయిదు నిండలేదు. నేను వంటింట్లో ఉన్నంతసేపూ కాస్త కుదురుగా కూర్చుంటుందని, కేకులు చేసే గేమ్ ఒకటి మా అత్తగారి ఫోన్‌లో వేశాను. బొమ్మలు ముద్దుగా ఉన్నాయి, 3+ అని ఉంది, కొట్టుకోవడాలు లేవు, ఇంకేం చూడాలి అనుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం ఫోన్ మంచం మీద పడేసి వచ్చి నా చీర పట్టుకుని "అమ్మా, అదేటి, నెత్తురు" అంది. వెళ్లి చూస్తే కేకు మధ్యలో ఇంకేదో గేమ్ తాలూకు యాడ్, కత్తి పట్టుకుని వెంటపడే దెయ్యం లాంటి బొమ్మ. మూసే గుర్తు ఓ మూల ఆవగింజంత ఉంది, అది కూడా కొన్ని సెకన్లు ఆగితే గానీ కనపడదు. ఆ రాత్రంతా లైటు తీయనివ్వలేదు.

ఆ తర్వాతే ఈ 3+ అంటే ఏమిటో వెతికి తెలుసుకున్నాను. మనకి ప్లే స్టోర్‌లో కనిపించే 3+, 7+, 12+, 16+, 18+ అనే వయసులు ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ పద్ధతిలో వస్తాయి. గేమ్ తయారుచేసినవాళ్లే ఒక ప్రశ్నాపత్రం నింపుతారు, ఆటలో హింస ఉందా, భయపెట్టేది ఉందా, బూతులు ఉన్నాయా, జూదం ఉందా అని. ఏవీ లేకపోతే 3+ వస్తుంది. అంతే తప్ప ఆ ఆట మూడేళ్ల పిల్లల కోసం చేశారని గానీ, వాళ్లు ఆడగలరని గానీ దాని అర్థం కాదు. చదరంగం గేమ్‌కి కూడా 3+ రావచ్చు, మూడేళ్ల పిల్ల చదరంగం ఆడుతుందా?

పైగా మన పిల్లల సంగతి వేరే ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో గురుమాతో, అంటే టీచరమ్మతో, ఒడియా, ఫోన్‌లో ఇంగ్లిష్. ఆ వయసులో మూడింట్లో ఏదీ చదవడం రాదు, కాబట్టి వాళ్లు రంగుల్ని చదువుతారు. పచ్చగా ఉంటే సరే అన్నమాట, పెద్దగా ఉంటే నొక్కాలి, మెరుస్తుంటే ఇంకా నొక్కాలి. కొనే బటన్ సరిగ్గా అలాగే ఉంటుంది. మా పాప నొక్కింది, ₹179 పోయింది. ఆ ఫోన్‌లో మా ఆయన ప్లే స్టోర్‌లో వేసిన డబ్బు కొంత మిగిలి ఉంది, కొనేటప్పుడు పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్ ఎవరు ఎప్పుడు తీసేశారో తీసేశారు. రాత్రి మెయిల్ చూస్తే గానీ తెలియలేదు. కొన్న 48 గంటల లోపు గూగుల్ ప్లేలోనే రిఫండ్ అడగొచ్చు, అడిగాం, వెనక్కి వచ్చింది. ఈ విషయంలో పాపని ఒక్క మాట అనొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను, దాని తప్పేముంది అందులో. మీరు మాత్రం గేమ్ వేసే ముందే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఏది కొన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ గానీ వేలిముద్ర గానీ అడిగేలా పెట్టండి. మీ అత్తగారి ఫోన్, మామగారి ఫోన్ కూడా చూడండి, పిల్లలు ఆడేది ఎక్కువగా వాళ్ల ఫోన్లలోనే. బాబు వేలిముద్ర మాత్రం ఆ ఫోన్లలో ఎక్కించకండి.

యాడ్‌ల గొడవకి మందు మాకు రైల్లో దొరికింది. పాపని తీసుకుని గుణుపురం మా పుట్టింటికి వెళ్తున్నాను, దారిలో సిగ్నల్ పోయింది, అదే కేకుల గేమ్ ఒక్క యాడ్ లేకుండా నడుస్తోంది. యాడ్‌లు నెట్ మీదే వస్తాయి కదా, అప్పటిదాకా నాకు తట్టలేదు. అప్పటినుంచి ఏ గేమ్ అయినా ముందు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరుస్తాను. నెట్ లేకుండా తెరుచుకోనంటే, చిన్నపిల్లల వరకు అది మాకు అక్కర్లేదు, తీసేస్తాను.

కానీ నాకు అసలు విషయం తెలిసింది కూడా ఆ రోజే. యాడ్‌లు లేవు, భయపెట్టేది లేదు, కొనేది లేదు, అయినా స్టేషన్ వచ్చేసరికి ఫోన్ చేతిలోంచి లాక్కోవాల్సి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద పొర్లి పొర్లి ఏడ్చింది. ఇదే పిల్ల ఇంట్లో నాయనమ్మతో అష్టాచెమ్మా ఆడి, నాలుగు కాయలూ పండాక తనే లేచి అన్నానికి వస్తుంది. తేడా ఎక్కడుందా అని ఆ రాత్రి పాప పడుకున్నాక నేనే కూర్చుని ఆ గేమ్ ఆడాను. ఒక కేకు అయ్యేలోపే ఇంకో కేకు మొదలైపోతుంది, అయిపోయింది అని చెప్పేది ఎక్కడా లేదు, ఆపబోతే ఒక పెట్టె వచ్చి ఊగుతుంది, తెరిస్తే బహుమతి, రేపు కూడా వస్తే ఇంకా పెద్ద బహుమతి, రాకపోతే వరస తెగిపోతుంది. నాకే లేవబుద్ధి కాలేదు, అయిదేళ్లు నిండని పిల్ల ఎలా లేస్తుంది?

అందుకే ఎవరడిగినా ముందు చెప్పేది ఇదే, ఆట ఎలా మొదలవుతుందో కాదు, ఎలా ఆగుతుందో చూడండి. బొమ్మ పూర్తయింది, అయిపోయింది అని దానంతట అది ఆగుతుందా? మధ్యలో వదిలేసి లేస్తే ఏమైనా పోతుందా? ఓడిపోగానే "ఇంకొక్కసారి" అంటూ 5, 4, 3 అని లెక్కపెట్టి తొందరపెడుతుందా? అలా తొందరపెట్టేదైతే ఎంత శుభ్రంగా ఉన్నా ఈ వయసుకి వద్దు.

మీరు చెప్పిన పరుగెత్తే రకం సరిగ్గా అక్కడే తేడా కొడుతుంది. మీ బాబు అడిగే గేమ్ ఏదో నాకు తెలియదు గానీ, సాధారణంగా ఆ రకం ఆటల్లో గమ్యం ఉండదు, పోనుపోనూ వేగం పెరుగుతుంది, దేనికో గుద్దుకుంటేనే ఆగుతుంది. అంటే ఎప్పుడూ ఓడిపోయి ఆగడమే తప్ప గెలిచి ఆగడం లేదు. నాలుగున్నరేళ్ల వేళ్లకి ఆ వేగం అందదు, పదిసార్లు ఓడితే పదిసార్లూ కోపం వస్తుంది, ఆ కోపం మీ మీద చూపిస్తాడు. పదేళ్లు వచ్చాక అదే ఆట హాయిగా ఆడతాడు, అప్పుడు నాకూ అభ్యంతరం ఉండదు.

ఈ లోపు రంగులు వేసేవి, బొమ్మ ముక్కలు అమర్చేవి, జతలు కలిపేవి చూడండి. ప్లే స్టోర్‌లో గేమ్ పేరు దగ్గరే యాడ్‌లు ఉన్నాయో, లోపల కొనేవి ఉన్నాయో రాసి ఉంటుంది, వివరాల్లోకి వెళ్తే ఒక్కో వస్తువు ధర ఎంత నుంచి ఎంత వరకో కూడా ఇస్తారు. పిల్లల బొమ్మల ఆటలో ధర వేలల్లోకి వెళ్తోందంటే నేను అక్కడే వదిలేస్తాను. ఒకటి రెండు స్టార్లు ఇచ్చినవాళ్ల కొత్త రివ్యూలు చదవండి, మిగతా తల్లిదండ్రుల గోడు అక్కడే ఉంటుంది. తెలియనివాళ్లతో చాటింగ్, మైకు ఉన్న గేమ్ అయితే ఈ వయసుకి ఆలోచించాల్సిన పని కూడా లేదు.

ఎంతసేపు అంటే, 2 నుంచి 4 ఏళ్ల పిల్లలు కూర్చుని స్క్రీన్ చూసేది రోజుకి గంట మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. టీవీ కూడా ఆ గంటలోదే. మేం పావుగంట ఇచ్చేవాళ్లం, అదీ నా పక్కనే కూర్చుని.

బావగారి అబ్బాయి సంగతి కష్టమే, ఒకే ఇంట్లో ఉంటే ఫోన్ దాచమనలేరు. మా మరిది కొడుకుతో మాకూ ఇదే వచ్చింది. వాడిని కోప్పడలేదు, "చెల్లికి బొమ్మలు కలిపే ఆటలు నువ్వే చూసి పెట్టరా నాన్నా, నీకైతే బాగా తెలుస్తుంది" అన్నాను. నెట్ ఆపి మరీ ఆడి చూసి పట్టుకొచ్చేవాడు, తన పరుగు గేమ్ మాత్రం మేడ మీదకి వెళ్లి ఆడుకునేవాడు.

ఈ రాత్రి బాబు పడుకున్నాక ఆ గేమ్ వేసి నెట్‌తో అరగంట, నెట్ లేకుండా అరగంట మీరే ఆడండి. పేరు కూడా ఇక్కడ రాయండి, నేనూ వేసి చూసి చెప్తాను.