సెన్సార్‌కు సప్లై ఆపాలంటే ఏ జంట ట్రాన్సిస్టర్?

ప్రశ్న: 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్‌తో, 5 వోల్టుల మీద 8 మిల్లీఆంపియర్లు తీసుకునే సెన్సార్‌ను బ్యాటరీ ఆదా కోసం ఆన్, ఆఫ్ చేయాలి. పాజిటివ్ వైపే తెంపాలి. బయాస్ రెసిస్టర్లు (ట్రాన్సిస్టర్‌ను నడిపే కరెంటును నిర్ణయించేవి) లోపలే ఉన్న జంట ట్రాన్సిస్టర్లు పీయూఎండీ3, పీయూఎండీ9, పీయూఎండీ12 దొరుకుతున్నాయి. మూడింటికీ 50 వోల్టులు, 100 మిల్లీఆంపియర్లనే ఉంది. ఏది కొనాలి?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పీయూఎండీ9 కొనండి. 100 మిల్లీఆంపియర్లు అన్నది దాటకూడని హద్దు మాత్రమే. మీ సర్క్యూట్‌లో ఎంత వస్తుందో తేల్చేది లోపలి రెసిస్టర్లు.

మూడింటిలోనూ ఒక ఎన్‌పీఎన్, ఒక పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ ఉంటాయి. పీఎన్‌పీ ఎమిటర్‌ను 5 వోల్టులకు, కలెక్టర్‌ను సెన్సార్‌కు, ఇన్‌పుట్‌ను ఎన్‌పీఎన్ కలెక్టర్‌కు కలపండి. ఎన్‌పీఎన్ ఎమిటర్ గ్రౌండ్‌కు, ఇన్‌పుట్ కంట్రోలర్ పిన్‌కు వెళ్తాయి. పీఎన్‌పీని నేరుగా పిన్‌తో నడపకండి. పిన్ 3.3 దగ్గర ఉన్నా 1.7 వోల్టుల తేడా మిగులుతుంది, సెన్సార్ ఆగదు.

ఇక లెక్క. పీఎన్‌పీ ఇన్‌పుట్ రెసిస్టర్ మీద సుమారు 4.15 వోల్టులు పడతాయి. ఈ రెసిస్టర్లు 30 శాతం అటూఇటూ ఉండొచ్చు కాబట్టి 10 కిలోఓమ్‌లను 13గా తీసుకోండి: 0.32 మిల్లీఆంపియర్లు. పీయూఎండీ3లో రెండు రెసిస్టర్లూ (ఇన్‌పుట్‌లో ఒకటి, బేస్-ఎమిటర్ మధ్య ఒకటి) 10 కిలోఓమ్‌లే, కనీస గెయిన్ (ఇన్‌పుట్ కరెంటుకు ఎన్ని రెట్లు కలెక్టర్‌లో వస్తుందో ఆ సంఖ్య) 30. అంటే 9.6 మిల్లీఆంపియర్లు, మీ 8కి బొటాబొటి, పూర్తిగా సాచురేట్ (ఆన్) కాక వోల్టేజ్ పడిపోవచ్చు. పీయూఎండీ12లో రెండూ 47. కరెంటు 0.068కి దిగుతుంది, గెయిన్ 80 అయినా 5.5 దాటదు. బల్ల మీద పనిచేసినా నమ్మకండి, తర్వాత కొన్న ముక్క మొండికేయొచ్చు. పీయూఎండీ9లో ఇన్‌పుట్‌ది 10, బేస్-ఎమిటర్ మధ్యది 47. కనీస గెయిన్ 100 కాబట్టి 32 మిల్లీఆంపియర్ల దాకా వీలుంది. ఆన్‌లో ఉన్నప్పుడు కంట్రోల్‌కు పోయేది రెండు వైపులా కలిపి మామూలుగా సుమారు 0.7 మిల్లీఆంపియర్లే. కంట్రోలర్ నిద్రపోయి పిన్ హై, లో ఏదీ కాకుండా తేలినా, 47 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఎన్‌పీఎన్‌ను ఆఫ్‌లోనే ఉంచుతుంది.

చాలామందికి తట్టనిది ఒకటుంది. సప్లై ఆపాక సెన్సార్‌కు వెళ్లే కంట్రోలర్ డేటా పిన్‌ను హైలో వదిలేస్తే, ఆ పిన్ గుండానే సెన్సార్‌కు కరెంటు దొంగతనంగా చేరుతుంది. ఆఫ్ చేసే ముందు దాన్ని లో (0 వోల్టుల) స్థాయికి దించండి. సెన్సార్‌కు వెళ్లే పుల్-అప్ (లైన్‌ను హైలో పట్టి ఉంచే రెసిస్టర్) ఉంటే దాన్ని 5 వోల్టులకు కాక, పీఎన్‌పీ కలెక్టర్ వైపు కలపండి.

అతికించేటప్పుడు 1, 2, 6 కాళ్లు ఎన్‌పీఎన్. 3, 4, 5 పీఎన్‌పీ. తిప్పి పెడితే రెండూ తారుమారవుతాయి. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో ఇవి చచ్చినట్టు కనిపిస్తాయి. ఓమ్ మోడ్‌లో 1, 2 కాళ్ల మధ్య 57 కిలోఓమ్‌లకు దగ్గరగా, అంటే 40-74 మధ్య చూపిస్తే లోపలి రెసిస్టర్లు బాగున్నట్టే.